ఆదర్శ పుత్రుడి ఇంటి తాళం

కొడుకూ కోడలూ ఆఫీసులకు బయల్దేరుతూ ఇంటికి బయటి నుంచి గడియ పెట్టి వెళ్లేవారు. లోపల మిషను పిన్ని ఉండేది. అది దొంగల భయంతో పెట్టిన గడియ కాదు. ఇంట్లో మనిషి వీధిలోకి రాకూడదని పెట్టింది. ఆ చప్పుడు వినబడగానే పిన్ని ఒక్క క్షణం ఆగి, మళ్లీ తన పనిలో పడేది.

"అత్తయ్యా, గ్యాస్ జోలికి వెళ్లకండీ! టీ ఫ్లాస్కులో పోశానూ!" అని కోడలు గుమ్మంలోంచి కేకలేసేది. పిన్నికి పోయింది చూపు, చెవులు కాదు. అయినా ఆ ఇంట్లో అందరూ ఆమెతో అరిచే మాట్లాడేవారు.

భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కొడుకుని చదివించింది కాబట్టి వీధి ఆమెకు ఆ పేరు పెట్టింది. తర్వాత నీటికాసుల జబ్బు వచ్చి చూపుని అంచుల నుంచి మెల్లగా కొరుక్కుంటూ వచ్చి, చివరికి మొత్తం తినేసింది. ఆ ఏడాదే కొడుకు మిషను కూడా ఎవరికో ఇచ్చేశాడు. "వేళ్లు కుట్టేసుకుంటావమ్మా" అన్నాడు. అడగలేదు, చెప్పాడంతే. ప్రేమతో చేస్తున్నామనుకునే పనులకు మన ఇళ్లలో ఎదుటి మనిషిని అడిగే మర్యాద లేదు.

ఒకరోజు వీధి మలుపులోని కుట్టుషాపు ఆవిడ కిటికీ దగ్గరికొచ్చింది. ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మిషన్లు తొక్కినవాళ్లు.

"అక్కా, పని తలకు మించిపోతోంది. హుక్కులూ గుండీలూ నువ్వు కుట్టిపెడతావా? నీ చేతికుట్టు ఈ పిల్లలకెవరికీ రాదు."

"తలుపు తియ్యి, ఇప్పుడే వస్తాను."

"బయట గడియ పెట్టుందేంటక్కా?"

"అందుకేగా తియ్యమంటున్నా!"

ఆ రోజు పిన్ని సాయంత్రం దాకా షాపులో కూర్చుంది. ఎన్నాళ్లకో వేళ్ల చివర్లు నొప్పిపుట్టాయి. ఇంటికి పాట పాడుకుంటూ వచ్చింది. సంగతి తెలిసిన కొడుకు మర్నాడు గడియకు తాళం కూడా తగిలించాడు. షాపు ఆవిడ కిటికీలోంచి ఒకసారి ఆ తాళాన్ని తిట్టి, పని ఇంకొకరికి ఇవ్వకుండా ఆపి ఉంచుతానని చెప్పి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే కాలనీ సంఘానికి సన్మానం చేయడానికి ఒక మనిషి కావాల్సొచ్చాడు. కిందటేడు వాటర్ ట్యాంకు కడిగించినాయనకు చేశారు. ఈ ఏడు అధ్యక్షుడి కన్ను పిన్ని కొడుకు మీద పడింది. బిరుదు కూడా సిద్ధం చేశారు: ఆదర్శ పుత్రుడు. ఆదర్శం కళ్లకు కనబడాలి కాబట్టి తల్లినీ వేదిక ఎక్కించారు. అధ్యక్షుడు ఆమె చేతికర్ర కొస పట్టుకుని, తోపుడుబండిని లాగినట్టు, కుర్చీ దాకా లాక్కెళ్లాడు.

"సార్, ఆవిణ్ణి ఇటు తిరగమనండి. నల్లకళ్లద్దాలు పెడితే ఫొటో ఇంకా బాగుంటుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు కొడుకుతో.

"ఆవిడకి మంచినీళ్లేమైనా కావాలేమో అడుగు బాబూ" అన్నాడు అధ్యక్షుడు, ఆయనా కొడుకుతోనే.

"ఆవిడకి నోరుంది. ఆవిడనే అడగండి" అంది పిన్ని. ఎవరూ పట్టించుకోలేదు.

కొడుకు మైకు అందుకున్నాడు. "మా అమ్మకు నేనే కళ్లు" అన్నాడు. హాలు హాలంతా చప్పట్లు. కర్చీఫులు కూడా బయటికొచ్చాయి. ఆ కళ్లు రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి వెళ్లిపోతాయనీ, వెళ్తూ వెళ్తూ ఆమెను లోపల వేసి తాళం పెడతాయనీ తెలిసినవాళ్లు ఆ హాల్లో డజనుకు తక్కువుండరు. చప్పట్లు వాళ్లూ కొట్టారు.

"పెద్దమ్మా, అబ్బాయిని దీవిస్తూ రెండు ముక్కలు" అని అధ్యక్షుడు మైకు ఆమె మూతికి ఆనించాడు.

"మావాడు మంచివాడే. వేళకు తిండి పెడతాడు, మందులు తెస్తాడు. నాదొక్కటే కోరిక. మా ఇంటి తాళంచెవి నాకిప్పించండి."

జనం గొల్లున నవ్వారు. ముసలావిడ జోకేసిందనుకున్నారు.

"నవ్వకండి. నన్ను లోపల పెట్టి రోజూ తాళం వేస్తున్నారు. షాపులో నాకు పనుంది. గోడ పట్టుకుని నేను వెళ్లగలను. ఈ శాలువా మీరే కప్పుకోండి, నాకు తాళంచెవి చాలు."

అధ్యక్షుడు మైకు లాక్కున్నాడు. "పెద్దావిడ భావోద్వేగానికి లోనయ్యారు. అందరూ బిస్కెట్ ప్యాకెట్లు తీసుకుని వెళ్లవలసిందిగా కోరుతున్నాం" అన్నాడు. తీసుకున్నారు. కొడుకుని ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అడిగిందల్లా తల్లినే: "అదేం పని పిన్నీ? నలుగురిలో కన్నకొడుకు పరువు తీస్తావా?" ఎదురింటాయన ఇంకో అడుగు ముందుకేసి, "నేను రోజూ ఆ తాళం చూస్తూనే ఉన్నాను, వాళ్లింటి విషయం మనకెందుకని ఊరుకున్నాను" అన్నాడు, అదేదో సంస్కారమైనట్టు.

ఇంటికొచ్చాక కొడుకు నిలదీశాడు. "నీకేం తక్కువ చేశానమ్మా? నువ్వు రోడ్డు మీద పడితే జనం నన్ననరా?"

"నీ భయం నేను పడతాననా, జనం నిన్నంటారనా?"

కొడుకు శాలువా మడత పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను తాళం చేతిలో పట్టుకుని బయటికొచ్చేసరికి గుమ్మం ముందు షాపు ఆవిడా, ఆమె దగ్గర పనిచేసే ఆడవాళ్లూ వరసగా నిలబడి ఉన్నారు.

"వెయ్యి నాయనా, మొహమాటపడకు. ఎలా వేస్తావో చూసి పోదామని వచ్చాం" అంది షాపు ఆవిడ.

అతను భార్య వంక చూశాడు. ఆమె చెప్పుల వంక చూసుకుంది. అంతమంది చూస్తుండగా ఆదర్శ పుత్రుడికి తాళం పడలేదు. తాళంచెవి తల్లి చేతిలో పెట్టి, విసవిసా వెళ్లిపోయాడు.

పిన్ని పనిలో చేరింది. కొన్నాళ్లకు పడింది కూడా. నడిచే దారికి అడ్డంగా పెట్టిన మోటారుసైకిలు తగిలి మోకాలు చెక్కుకుపోయింది. "మేం చెప్పలేదూ?" అని వీధంతా సంబరపడింది. ఆ బండి కాలనీ సంఘం అధ్యక్షుడిదన్న మాట మాత్రం ఒక్క నోటి నుంచీ రాలేదు. పిన్ని మోకాలికి కట్టు కట్టించుకుని మర్నాడు మళ్లీ వెళ్లింది. ఇప్పటికీ వెళ్తోంది. కొడుకు మాత్రం "మళ్లీ ఒక్కసారి పడు, చెప్తా" అంటూనే ఉన్నాడు.

ఇది చదివి కళ్లు తుడుచుకోవద్దు, ఆ పని ఆ హాల్లో కావలసినంత జరిగింది. మీ వీధిలో బయట తాళం పెట్టి, లోపల మనిషి ఉన్న ఇల్లుంటే రేపే వెళ్లి తలుపు కొట్టండి. ఏం కావాలని లోపలి మనిషినే అడగండి, అరవకుండా అడగండి. బయటికి వస్తానంటే, తాళం తీసేదాకా ఆ గుమ్మంలో నిలబడండి. ఒక్కరికి మొహమాటమైతే నలుగుర్ని తీసుకెళ్లండి. వెళ్లేముందు, దారికి అడ్డంగా పెట్టిన మీ బండి తీయండి.