ఏ పచ్చ, బాబాయ్?

ఇది రాయక తప్పడం లేదు. ఈ కథ మా ఇంట్లో ఇప్పటికే మూడు రకాలుగా చలామణిలో ఉంది. పిన్ని చెప్పేదాంట్లో నేను వెర్రిదాన్ని. బాబాయి చెప్పేదాంట్లో చదువుకున్న వెర్రిదాన్ని. షాపులో నా తోటి అమ్మాయి చెప్పేదాంట్లో అసలు నేనే లేను, అంతా కంప్యూటర్ దానంతట అదే చేసింది. నాలుగో రకం నేను రాసిపెడితే, తక్కువలో ఫోటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ కోసం వెతికే నాబోటివాళ్ళకైనా పనికొస్తుంది. మా గ్రంథాలయంలో దీనిమీద పుస్తకం లేదు. ఫోటోల పుస్తకాల అర మొత్తం చదివాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

నేను నూజివీడులో మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, ఫాల్, దారం తీసి ఇవ్వడం నా పని. బడి పదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. కెమెరా కటకం ఎలా పనిచేస్తుందో, నీడ ఎందుకు నీలంగా పడుతుందో శాఖా గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. ఆ తర్వాతే ఒక పాత కెమెరా కొన్నాను. కొన్నాక తెలిసింది, ఫోటో తీయడం సగం పనేనని.

మా బాబాయికి మైలవరం రోడ్డులో చిన్న మామిడితోట ఉంది. అన్నీ చిన్న రసాలు. కాయల్ని వరిగడ్డిలో మాగేసి, బెజవాడలో ఒక అపార్ట్‌మెంటువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి అమ్ముతాడు. ఆ వేసవి చివర మబ్బులు పట్టాయి. ఆఖరి కోత గడ్డిలో ఉంది. వారంలో పోకపోతే కుళ్ళిపోతుంది. "మంచి ఫోటో ఒకటి తియ్యవే," అన్నాడు.

తీశాను. దిద్దడానికి సాఫ్ట్‌వేర్ వెతికాను. పెద్ద ఫోటోగ్రాఫర్లందరూ వాడేదానికి నెలనెలా అద్దె కట్టాలి. ఇంటికి అద్దె, మామిడికాయ బొమ్మకీ అద్దె అంటే నావల్ల కాదు. తెలిసిన స్టూడియో ఆయన దొంగ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. దాన్ని గ్రంథాలయం కంప్యూటర్‌కి పెట్టబోతే గ్రంథపాలకుడు కుర్చీలోంచి లేచిపోయాడు. "అది పెడితే ఈ గదిలో నువ్వో నేనో ఒక్కళ్ళమే ఉంటామమ్మా," అన్నాడు. చివరికి ఫోన్‌లో ఒక ఉచిత యాప్ దించుకున్నాను. వేలు పెట్టిన ప్రతిసారీ ఒక ప్రకటన. మధ్యలో ఒక మంత్రదండం బొమ్మ, పక్కన రంగు పెంచే గీత ఒకటి. అంతే దాని విద్య.

బాబాయికి ఫోటో చూపించాను.

"ఏంటే, కాయలు జ్వరమొచ్చి లేచినట్టున్నాయి? కాస్త పచ్చగా చెయ్యి."

"ఎంత పచ్చగా బాబాయ్?"

"చూడగానే తెలియాలి."

ఎంత అని అడిగాను గానీ ఏది అని అడగలేదు. షాపుకొచ్చి ఎవరైనా పచ్చ ముక్క కావాలంటే అరలోకి చెయ్యి పెట్టకముందే "ఏ పచ్చ అండీ? ఆకుపచ్చా, చిలకపచ్చా, పసుపుపచ్చా?" అంటాను. జాకెట్టుకిచ్చిన గౌరవం కాయకివ్వలేదు. గీతను చివరిదాకా లాగాను. కాయలు పసుపుపచ్చగా మెరిసిపోయాయి. ఫోటో గ్రూపులోకి వెళ్ళిపోయింది.

ఒక్కరూ కావాలనలేదు. కాసేపటికి రిటైరైన టీచరమ్మ ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఏమండీ రైతుగారూ, పోయినేడు మీ కాయ ఇలా లేదు. బల్బుల్లా వెలుగుతున్నాయి. కార్బైడ్ పెట్టారా? పసిపిల్లలున్న ఇళ్ళండీ, నిజం చెప్పండి." దాని కింద మిగతావాళ్ళ బొటనవేళ్ళు వరసగా మొలిచాయి.

బాబాయి మా ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"గడ్డి తప్ప ఇంకోటి ఎరగని కాయకి మందు పేరు తెచ్చావు కదే!"

"పచ్చగా చెయ్యమంది నువ్వే కదా!"

"పచ్చగా అంటే పచ్చగా! తొడిమ కింద భుజాల దగ్గర ఆ ఆకుపచ్చ కనపడాలి. గడ్డిలో మాగిన కాయకి అదే సాక్ష్యం. నువ్వేమో పసుపు రాసి పేరంటానికి పంపావు."

వెనకే వచ్చిన పిన్ని అందుకుంది. "ఇన్ని పుస్తకాలు చదివింది, పచ్చకి అర్థం ఎక్కడా రాసిలేదంటావా?"

అసలు ఫోటో తీసి మళ్ళీ దిద్దుదామనుకున్నాను. కెమెరాలోది ఫోన్‌లోకి ఎక్కించాక చెరిపేశాను, ఫోన్‌లోనూ అది లేదు. యాప్ దిద్దినదాన్నే పాతదాని మీద దాచేసింది. కాబట్టి ఇది చదివేవాళ్ళు మొదట అడగాల్సింది సాఫ్ట్‌వేర్ ఎన్ని హంగులు చేస్తుందని కాదు, మనం తీసిన ఫోటో జోలికి రాకుండా ఉంటుందా అని. కెమెరా చూసినదాన్ని చూసినట్టే దాచే ఫైలును ఇంగ్లీషులో 'రా' అంటారట, అంటే పచ్చిది. నా నోట్సులో పచ్చి ఫైలు అని రాసుకున్నాను. ఇంకో పచ్చ!

మర్నాడు మళ్ళీ గ్రంథాలయానికి వెళ్ళి, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకున్నాను. అద్దె లేదు, ప్రకటనలు లేవు. అందమూ లేదు. తెరవగానే కరెంటాఫీసు దరఖాస్తులా ఉంది. కానీ అందులో రంగు రంగుకీ వేరే గీత ఉంది. ఆకుపచ్చకి ఒకటి, పసుపుకి ఒకటి. మనం ఒక్క మాటలో ఇరికించుకుని ఇళ్ళలో కొట్టుకునేదాన్ని వాళ్ళు రెండుగా పంచి పెట్టారు. నాకు నవ్వాగలేదు. గ్రంథపాలకుడు గోడమీద 'నిశ్శబ్దం' బోర్డు చూపించాడు.

ఇంట్లో మూలపడ్డ పాత ల్యాప్‌టాప్‌ను దులిపి, దాన్ని అందులోకి ఎక్కించుకున్నాను. పొద్దున్నే పిన్ని గడ్డి తొలగించి పట్టుకుంటే కాయల్ని కొత్తగా తీశాను. షాపులో గుడ్డను గుమ్మం దగ్గరి వెలుగులోకి తీసుకెళ్ళి చూసినట్టే, ల్యాప్‌టాప్‌ను గుమ్మంలో పెట్టి పక్కన కాయ పెట్టాను. బాబాయిని కూర్చోబెట్టాను.

"ఈ ఆకుపచ్చ తగ్గించనా?"

"వద్దు."

"ఈ పసుపు పెంచనా?"

"చెయ్యి తియ్యి."

అన్నాళ్ళు వెతికి పట్టుకున్న సాఫ్ట్‌వేర్‌తో చివరికి నేను చేసింది, నీడను ఒక పిసరు తేల్చడం. నల్ల మచ్చలు కూడా ఉంచేశాను.

బాబాయి గ్రూపులో ఫోటో పెట్టి మాట్లాడాడు. "అమ్మా, మొన్నటిది మా అమ్మాయి రంగేసిన ఫోటో. ఇది కాయ."

చాలాసేపటికి టీచరమ్మ జవాబు వచ్చింది. "ఒక పెట్టె పంపండి. తిని చెప్తాను." మర్నాడు సాయంత్రం ఆవిడ గొంతు, టెంక ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది. "కంపుకొట్టే మందు కాయ కాదండీ, మీ కాయే." వారం తిరక్కముందే గడ్డి ఖాళీ అయింది.

సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా దండం పెట్టాలి. పేర్లు రాస్తే ఊళ్ళో తిరగలేను కాబట్టి వరసలతో పెడతాను. పెన్‌డ్రైవ్‌ను చూసి లేచిన గ్రంథపాలకుడు గారికి. మొహం తెలియని నాకు రెండు గీతలు పంచి ఇచ్చిన ఆ దేశదేశాలవాళ్ళకు. తిడుతూనే గడ్డి పట్టుకున్న పిన్నికి. చెప్పులతో వచ్చినా గుమ్మంలో ఓపిగ్గా కూర్చున్న బాబాయికి. అందరికంటే ఎక్కువగా టీచరమ్మకు. ఆవిడ నోరు విప్పకుండా కొనడం మానేసి ఉంటే, నేను చేసిన తప్పు కాయ మీద ఉండిపోయేది.