కిటికీ అవతల ట్రాన్స్‌ఫార్మర్

చంద్రమ్మ ఎవర్నీ ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. పాల ప్యాకెట్‌ను అరచేతిలో తూచి చూస్తుంది. కొత్తిమీర కట్టను విప్పించి మరీ కొంటుంది. మొగుడు పోయాక, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక గల్లీలో చీరలకు ఫాల్స్ కుడుతూ కూతురు మధులతను డిగ్రీ చదివిస్తోంది. ఒంటి చేత్తో బతుకీడ్చిన మనిషికి ఆ మాత్రం అనుమానం ఉండదా మరి.

మధులతకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్ ఉన్నాయి. మందులతో అణిగి ఉన్న ఆ జబ్బు, గల్లీలోని ఈ గదిలోకి మారాక ఓసారి తిరగబెట్టింది. చంద్రమ్మ చూపు తిన్నగా కిటికీ అవతల గుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు లాగింది. కుట్టుమిషన్‌కున్న మోటారు పీకించి, మోకాళ్లు సలుపుతున్నా కాలితోనే తొక్కింది.

"గా కరెంటే నిన్ను పట్టి పీడిస్తున్నది బిడ్డా," అని పొద్దూ మాపూ అదే పాట.

అయినా ఫిట్స్ తగ్గకపోగా ఎక్కువయ్యాయి. సోమాజిగూడలో డాక్టర్ అరుణాదేవిని నిలదీసింది.

"కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత శక్తి వల్ల ఫిట్స్ వస్తాయా అని పరిశోధనలు చేశారమ్మా. ఇంటి పక్క తీగల వల్లే వస్తాయని గట్టిగా ఏమీ తేలలేదు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు," అన్నారావిడ.

"తేలలేదంటే లేదని కాదు గదా. ఈమె సుత ఏదో దాస్తున్నది," అని పంజాగుట్ట చౌరస్తా దాకా గొణుగుతూనే వచ్చింది చంద్రమ్మ.

ఒకనాడు పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. లైన్‌మెన్ వచ్చి దాన్ని విప్పి లారీలో ఎక్కించుకుపోయారు. కొత్తది మర్నాడు పెడతామన్నారు. గల్లీ అంతా ఉక్కపోతకు తిట్టుకుంటుంటే చంద్రమ్మ ఒక్కతే సంబరపడింది.

"ఇయ్యాల ఫికర్ లేదు. జర నిమ్మళంగ పండు," అంది కూతురితో.

మధ్యాహ్నం మధులత ఫిట్స్ వచ్చి మంచం మీదే కొట్టుకుంది. పక్కింటి కుసుమకుమారి పరుగున వచ్చి తాళాల గుత్తి పిల్ల గుప్పిట్లో పెట్టింది. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది. కిటికీ అవతల ఉత్త దిమ్మె ఉంది. చంద్రమ్మకు చాలా భయమేసింది.

"గోలీలు ఏసుకుంటున్నవా?" అని మొదటిసారి అడిగింది.

"బంద్ చేసినమ్మా. ఏసుకుంటే క్లాసుల నిద్రొస్తది. నువ్వే అంటివి గదా, కరెంటుతోనే వస్తున్నదని. దానికి గోలీ ఏం చేస్తదనుకున్న."

లోకాన్నంతా అనుమానించిన చంద్రమ్మకు తన మాటను అనుమానించాలని ఏనాడూ తోచలేదు.

"నాకేం ఎరుక బిడ్డా. నేనేమన్న డాక్టర్నా," అంది.

డాక్టరుకు ఫోన్ కలిపి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు విని, గోలీ కూతురి అరచేతిలో పెట్టింది. మధులత దాన్ని మింగలేదు. పాల ప్యాకెట్‌ను తల్లి తూచినట్టే అరచేతిలో తూచి చూసింది.

"నిజంగ దీంతోనే తగ్గుతదా?" అంది.