పెద్దోడి తర్వాతే

కండక్టరమ్మ రిటైరయ్యాక తీర్థయాత్రలకు పోతుందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం కుక్కను తెచ్చుకుంటానంది. అదీ ఒళ్లో కూర్చునే బొచ్చుకుక్క కాదు, దూడంత ఎదిగే గ్రేట్ డేన్. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది ఆమె, టైర్ల కొట్టు నడిపే తమ్ముడు. ఆ తమ్ముడు పెళ్లి మాటెత్తితే పారిపోయే రకం.

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనక్కా. నువ్వు తెచ్చుకో. నేను మాత్రం దాని మొహం కూడా చూడను" అన్నాడు తమ్ముడు.

కుక్కపిల్లను కొనేముందు ఆమె పశువుల డాక్టరు దగ్గరికెళ్లింది. ఆ డాక్టరు చిన్న వయసు అమ్మాయే గాని మొహమాటం లేని మనిషి. "ఏడాది తిరిగేసరికి మీకంటే బరువైపోతుంది. లాగిందంటే దాని వెంట మీరు పోవాల్సిందే, కాబట్టి మాట వినడం చిన్నప్పుడే నేర్పాలి. ఎదిగే వయసులో మెట్లు ఎక్కించకండి, కీళ్లు పాడవుతాయి. తిన్న వెంటనే పరిగెత్తనివ్వకండి. కడుపు మెలిపడిందంటే గంటల్లో ప్రాణం పోతుంది. ఇంకో మాట. ఇవి ఎక్కువ కాలం బతకవు. ఏడెనిమిదేళ్లు. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకండి."

"అందుకేనమ్మా ఇదే కావాలంటున్నాను" అంది కండక్టరమ్మ. "చిన్న కుక్కలు పదిహేనేళ్లు బతుకుతాయట. అన్నాళ్లు నేనుండొద్దూ? నేను పోతే అది ఎవరి గుమ్మంలో పడుండాలి?"

అది ఊరికే అన్న మాట కాదు. ఆమె తిరిగిన రూట్లో, యజమాని చనిపోయిన కుక్క ఒకటి ఆగిన ప్రతి బస్సూ ఎక్కేది. సీట్ల మధ్య నుంచి ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వెనకదాకా పోయేది. దాన్ని దించడం కండక్టరు పని. దించేది, విజిల్ వేసేది, తర్వాతి స్టాపు దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. తన వల్ల ఏ ప్రాణీ అలా వెతుక్కోకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది.

అలా పెద్దోడు వచ్చాడు. కుక్కకు ఆమె పెట్టుకున్న పేరది. వచ్చిననాడు చెప్పుల పెట్టెలో పట్టాడు. మరుసటేడు సోఫాలో పట్టలేదు. తోక ఊపితే బల్ల మీది గ్లాసులు నేల మీదుండేవి. ఇష్టమైన మనుషుల మీద ఒళ్లంతా వేసి ఆనుకుని నిలబడడం ఆ జాతి అలవాటు. పాలబ్బాయి మీద ఓసారి అలాగే ప్రేమ కురిపిస్తే అతను గోడకు కరుచుకుపోయి, "అమ్మా, మీవాణ్ణి కాస్త వెనక్కి పిలుస్తారా" అని సన్నగా అడిగాడు. నడవలో అడ్డంగా పడుకున్నవాణ్ణి కండక్టరమ్మ పాత అలవాటు కొద్దీ "జరగాలి, ముందుకు జరగాలి" అని గదమాయించేది. వాడు ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసేవాడు.

మొహం చూడనన్న తమ్ముడు సంగతి చెప్పనక్కర్లేదు. మెడ వంచి తింటున్నాడు పాపం అని పాత టైర్లు పేర్చి వాడి గిన్నెకు పీట కట్టాడు. అన్నం కలిపేది కూడా తనే. అక్క చూస్తే మాత్రం "ఈ గుదిబండను నా మెడకు కట్టావు" అని సణిగేవాడు.

పెద్దోడికి ఏడో ఏడు వచ్చింది. మూతి నెరిసింది, వెనక కాళ్లు తడబడుతున్నాయి. అదే ఏడు కండక్టరమ్మకు నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం మొదలైంది. గుండెలో కవాటం పాడైంది, ఆపరేషన్ చేయాలన్నారు. దేవుడు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లిపోవడమే గాని కోతలకు ఒప్పుకునేది లేదని అంతకుముందు నలుగురి ముందూ అన్న మనిషి, ఈసారి మారుమాట లేకుండా తలూపింది.

"భయం లేదా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు లేదు, చచ్చేంత ఉంది. కానీ వాడి తర్వాత ఒక్కరోజైనా నేనుండాలి. అది చాలు నాకు."

ఆపరేషన్ బాగానే అయింది. అయ్యాక జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆసుపత్రిలో అనుకున్నదానికంటే చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. రోజూ సాయంత్రం తమ్ముడు వచ్చేవాడు. పెద్దోడు తిన్నాడా అంటే తిన్నాడనేవాడు. నడుస్తున్నాడా అంటే నడుస్తున్నాడనేవాడు. ఆమె తృప్తిగా కళ్లు మూసుకునేది.

ఇంటికి వచ్చిన రోజు నడవ ఖాళీగా ఉంది. నేలంతా శుభ్రంగా తుడిచి ఉంది. కండక్టరమ్మ గోడ పట్టుకుని నిలబడింది. అడగాల్సిన పని లేకపోయింది.

"పది రోజులైందక్కా. డాక్టరమ్మ వచ్చి చూసింది. గుండె ఆగిపోయిందంది. అప్పుడు నీకు జ్వరం తగ్గట్లేదు, చెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు తమ్ముడు.

ఆమె మంచం మీద కూర్చుంది. "నాకోసం చూశాడా?"

తమ్ముడు తల దించుకున్నాడు. అబద్ధం చెబుదామనే అనుకున్నాడు గాని చెప్పలేకపోయాడు. "నువ్వెళ్లిన రోజు నుంచీ గుమ్మం దగ్గరే పడుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చివరిదాకా తలుపు వైపే చూశాడు."

ఆమె ఏడ్చింది. దాచుకోవాలని కూడా అనుకోలేదు. "వాడి తర్వాత పోవాలని ఎంత తాపత్రయపడ్డానురా. అదే తీరింది. వాడి పక్కన ఉండాలన్నది తట్టనే లేదు నాకు. ఏ పాపం చేయకూడదనుకున్నానో అదే చేశాను."

తమ్ముడు మందుల సంచిలోంచి మాత్రలు తీసి, గ్లాసులో నీళ్లు పోసి తెచ్చాడు. ఆమె మొహం తిప్పుకుంది.

"ఇంకెందుకురా ఇవి? వాడి కోసం మింగాను ఇన్నాళ్లూ. ఇప్పుడెవరి కోసం?"

అతను మాత్రలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఆ గుమ్మం దగ్గర నీకోసం చూసింది వాడొక్కడే అనుకుంటున్నావా అక్కా?"

కండక్టరమ్మ తలెత్తి తమ్ముడి మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపింది.