తెల్ల అక్షరాల్లో దాచిన వాక్యం

ఆన్‌లైన్ కొట్టంటే సరుకు ఫొటోలు పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. పంపిన ఉత్తరం చేరేలా చూడడం కూడా అందులో పనే. అది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాసిపెడుతున్నాను.

కరోనా తగ్గిన ఏడు వేసవిలో, బొబ్బిలిలో సన్యాసిరావుగారి వీణల కొట్టులో ఆన్‌లైన్ అమ్మకాల గుమస్తాగా చేరాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. నా బల్ల పక్కనే మైనం కాచే పొయ్యి ఉండేది. పనస చెక్క పొట్టు కీబోర్డులోకి రాలేది. పని మానేసి ఏడాదైనా ఆ వాసన గుర్తే.

నెలకోసారి పాత ఖాతాదారులందరికీ ఒక ఈ-మెయిల్ పంపేవాణ్ణి. దాని అడుగున 'ఈ ఉత్తరాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అన్న వాక్యాన్ని సాఫ్ట్‌వేరే పెడుతుంది. సన్యాసిరావుగారు అది చూసి మండిపడ్డారు.

"కొట్టుకొచ్చినోడికి మనమే గుమ్మం సూపిస్తామేటయ్యా? ఇంటికొచ్చినోడైనా ఎల్తాననడు, ఎల్లొస్తానంటాడు. తీసీ!"

తీయడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. అందుకని ఆ వాక్యాన్ని తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలుగా మార్చేశాను. తెలివైన పనే అనుకున్నాను.

వద్దనుకున్నవాళ్ళు దారి కనబడక 'స్పామ్' అని నొక్కసాగారు. అలాంటి ఫిర్యాదులు పెరిగితే మెయిల్ కంపెనీలు ఆ చిరునామా నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ అనుమానిస్తాయి. ప్రకటనా, ఆర్డరు సంగతా అని చూడవు. కెనడాలో ఉన్న ఒక సంగీతం టీచరు వీణ చేయించుకుంటున్నారు. మేళం కట్టడానికి, అంటే మైనంలో మెట్లు నిలపడానికి, ఆవిడ శ్రుతి ఏమిటో అడుగుతూ మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. చివరికి ఆవిడే, మీరు పలకడం లేదు కనుక ఆర్డరు రద్దు చేయండని రాశారు.

రెండు నెలలుగా ఆ వీణ తొలుస్తున్న అప్పలస్వామి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఒకే మాను తొలిసి సేసినాను. ఆవిడ కొలతకి సేసింది ఇంకెవులికి సరిపోతాది? ఏటి రాసీసినావు ఆవిడికి?"

సాఫ్ట్‌వేర్ లెక్కలు తీసి చూస్తే, మా ఉత్తరాల మీద స్పామ్ ఫిర్యాదులు కుప్పగా ఉన్నాయి. శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ రాజేశ్వరిగారు ఈ-మెయిళ్ళ గురించి విదేశీ నియమాలు వెతికి ఇస్తే, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివాను. మన దేశంలో ఈ-మెయిల్ స్పామ్‌కి ప్రత్యేక చట్టం లేకపోయినా, అందుకునేవారి దేశపు చట్టం మనకీ వర్తించవచ్చు. కెనడాలో అయితే అనుమతి ఉండాలి, పంపేవారి తపాలా చిరునామా ఉండాలి, మానుకునే దారి కనబడాలి. ఆ దారిని నేనే మూసేశాను.

మర్నాడు పొద్దున్నే టీచరుకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ వెతికితే మూడు ఉత్తరాలూ స్పామ్‌లోనే ఉన్నాయి.

"అయిదున్నర శ్రుతండీ. ఈ ఫోనేదో ముందే చెయ్యొచ్చు కదా!" అన్నారు.

ఆర్డరు నిలిచిందనగానే అప్పలస్వామి వెళ్ళి మైనం పొయ్యి వెలిగించాడు.

తర్వాత ఆ వాక్యాన్ని నల్లగా మార్చాం. అందరినీ ఒకసారి అడిగి, ఔనన్నవాళ్ళనే ఉంచాం. జాబితా సగమైంది. "సగం ఊరిని ఎల్లగొట్టీసినావు" అని సన్యాసిరావుగారు చాన్నాళ్ళు దెప్పారు. మెయిల్ కంపెనీల దగ్గర పోయిన నమ్మకం కూడా వెంటనే తిరిగి రాలేదు. ఆర్నెల్ల పాటు ప్రతి ఆర్డరుకీ ఉత్తరం రాయడం, అది చేరిందా అని ఫోన్ చేయడం, రెండూ చేయాల్సి వచ్చింది. వద్దన్నవారిని వదలని కొట్టు మాట, కావాలన్నవారికీ చేరదు. నేను నేర్చుకున్నది ఇంతే.

రాజేశ్వరిగారికి, అప్పలస్వామికి, దెప్పుతూనే ఒప్పుకున్న సన్యాసిరావుగారికి కృతజ్ఞతలు. వాక్యం నల్లబడ్డాక మొదట దాన్ని నొక్కిన ఖాతాదారు 'ఇన్నాళ్ళూ దీనికోసమే వెతికాను' అని ఒక ముక్క కూడా రాశారు. ఆయనకీ కృతజ్ఞతలు. పేరు మాత్రం రాయను, తీసేయమన్నారు.