పంతొమ్మిది సెకన్ల కూత

మీరు సంతకం పెట్టిన కాగితాన్ని చివరి అక్షరం వరకూ చదివి ఎన్నాళ్లయింది? చాలామంది చదవరు. చదవరని తెలిసిన వాళ్లే అలాంటి కాగితాలు రాస్తారు. ఆర్డిస్ పావ్లిక్ మాత్రం చదివేది.

అమెరికాలో స్క్రాంటన్ పక్కన, బొగ్గు గనులు మూతపడిన మా ఊళ్లో జీతాలిచ్చే చోటు ఒక్కటే మిగిలింది: గ్రామఫోను రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ. ఆర్డిస్ అక్కడ అద్దాల గదిలో కూర్చునేది. అచ్చు మొదలయ్యే ముందు వచ్చే నమూనా రికార్డును హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినాలి. చిటపట గానీ బుస గానీ వినబడితే ఎన్నో సెకను దగ్గరో చీటీ మీద రాయాలి. బాగుందని ఆమె సంతకం చేయనిదే ప్రెస్సు కదలకూడదన్నది అక్కడి నిబంధన. పదహారేళ్లలో ఒక్కరైనా ఆమెను పాట ఎలా ఉందని అడగలేదు. పాటలో పాట కానిది ఏముందో పట్టుకోమన్నారు, పట్టుకుంది.

1967 జనవరిలో ఇంగ్లండు నుంచి ఒక టేపు వచ్చింది. బోల్టన్ అనే మిల్లుల ఊరి కుర్రాళ్లు నలుగురు, ‘గ్రే మిల్’ అని పేరు పెట్టుకున్న రాక్ బృందం, చేసిన తొలి ఆల్బమ్ అది. దాని నమూనా రికార్డు మీద ముల్లు పెట్టగానే ఒక కూత లేచింది. సన్నగా మొదలై, చెవులు చిల్లులు పడేలా పెరిగి, ఉన్నట్టుండి ఆగింది. ఆ తర్వాతే డ్రమ్ము మోగింది. ఆర్డిస్ చీటీ రాసింది: ‘లోపం. మొదటి పంతొమ్మిది సెకన్లు కూత. తీసివేయవలెను.’ తీసేశారు. అమెరికా కొట్లకు ఆ ఆల్బమ్ తల లేకుండా వెళ్లింది.

ఈస్టరు ముందరి ఉపవాసపు శుక్రవారాల్లో మా చర్చి కింది వంటశాలలో ఆడవాళ్లమంతా చేరి ఊరికి బంగాళాదుంప ముద్ద కూరి ఉడికించే పిరోహీలు చేసి అమ్ముతాం. మార్చిలో అలాంటి ఒక శుక్రవారం, పిండి ఒత్తుతుండగా, రేడియోలో అదే కూత వినబడింది. ఉల్లిపాయలు తరుగుతున్న ఆర్డిస్ చేతిలో కత్తి ఆగింది.

“విన్నారా దొరలూ?” అన్నాడు రేడియో మనిషి. “ఇది ఓడెక్కి వచ్చిన ఇంగ్లీషు కాపీ. మీ బజార్లో దొరికేదానికి తలకాయ లేదు. గిటారును స్పీకరుకు ఎదురుగా పెట్టి, మూడు రోజులు చచ్చీచెడీ తమ ఊరి మిల్లు కూతను పుట్టించారట పాపం. మన ఫ్యాక్టరీలో చెవుల్లో దూది పెట్టుకున్న మహానుభావుడెవడో పాడైపోయిందనుకుని కోసి పారేశాడు!”

మా అందరికీ అత్తలాంటిది టెటా ఓల్గా. చేతులు తుడుచుకుంటూ రేడియో దగ్గరికి వెళ్లింది. “అచ్చం మన గని కూతేనే! షిఫ్టు దిగే కూత. అది వినబడగానే మీ అమ్మ సూపు పొయ్యి మీద పెట్టేది, గుర్తుందా ఆర్డిస్?”

“ఆ కోసినవాణ్ణి ఇక్కడికి లాక్కొచ్చి ఉల్లిపాయలు తరగమనాలి,” అంది పక్కన పిండి ఒత్తుతున్న స్టెల్లా.

“తరుగుతూనే ఉన్నాను,” అంది ఆర్డిస్.

“నువ్వా? ఓసి నీ చెవులు కాలా!” అంది టెటా ఓల్గా.

సోమవారం ఆర్డిస్ నేరుగా మేనేజరు లేలండ్ థ్రూప్ గదికి వెళ్లింది. “తప్పు నాదండీ. రెండో విడత అచ్చుకైనా ఆ ముక్క కలిపించండి.”

“కూత లేదని అమెరికాలో ఏడ్చేవాడెవడమ్మా?” అంటూ ఆయన టైపు చేసిన కాగితాన్ని ముందుకు తోశాడు. “ఏడుస్తున్నది టేపు పంపిన లండన్ కంపెనీ వాళ్లు. అడక్కుండా పాటను కోయకూడదని ఒప్పందంలో ఉందట, వాళ్ల లాయరు ఉత్తరం రాశాడు. ఇది చూడు.”

చూసింది. ‘టేపు దారిలో పాడై వచ్చినది. ఆ శబ్దము టేపు లోపమే. తనిఖీ చేసిన నేను ధ్రువీకరించుచున్నాను.’

“టేపు పాడవలేదు కదండీ.”

“పాడైందని నీ చీటీయే అంటోంది.”

“నా చీటీ తప్పు.”

“పదహారేళ్లుగా ఒక్క తప్పు రాయలేదన్న పేరు నీది. అది పోయాక ఆ గదిలో నిన్నెవరు కూర్చోనిస్తారు? సంతకం పెట్టు. నీ తప్పూ పోతుంది, నా తలనొప్పీ పోతుంది. రేపు మధ్యాహ్నం ప్రెస్సు నడవాలి.”

ఈ మర్యాదను చూడండి. పొరపాటును దిద్దుకోవడానికి వచ్చిన మనిషి చేతికి అబద్ధం అందించి, దానికి ఉపకారమని పేరు పెట్టాడు. పొరపాటు ఆర్డిస్‌ది, అది నిజం. దాన్ని మోసంగా మార్చే పని మాత్రం థ్రూప్‌ది. ఆ మోసం కింద తన పేరు రాసుకునే ధైర్యం లేక, గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి పేరు అడిగాడు. ఆ సంతకం పడితే నలుగురు మిల్లు కార్మికుల బిడ్డలు అమెరికా ఖండంతో పలికిన మొదటి మాట ఇక్కడ ఎప్పటికీ చెత్తగానే మిగిలిపోతుంది. దీన్ని వ్యాపారం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మంగళవారం ఉదయం రెండో విడత నమూనా వచ్చింది. ఆర్డిస్ ముల్లు పెట్టింది. డ్రమ్ముతోనే మొదలైంది. చిటపట లేదు, బుస లేదు. అయినా రెండు వైపులూ పూర్తిగా విని, కార్బన్ కాగితం సర్దుకుని చీటీ రాసింది: ‘లోపం. మొదటి పంతొమ్మిది సెకన్లు లేవు. టేపు బాగుంది. తీసివేయమని రాసినది నేను, అది నా పొరపాటు. అచ్చు వేయరాదు.’

మధ్యాహ్నం థ్రూప్ తలుపు తోసుకుని వచ్చాడు. “ప్రెస్సులు ఆగిపోయాయి. ఇదేమిటి?”

“చీటీ అండీ.”

“ఇంకొకరిని కూర్చోబెడతాను!”

“కూర్చోబెట్టండి. కూత ఎక్కడని వాళ్లూ అడిగితే?”

ఆయన తెచ్చిన కాగితాన్ని మళ్లీ ఆమె ముందు పెట్టాడు. ఆర్డిస్ దాన్ని మరోసారి, చివరి అక్షరం వరకూ చదివి, సంతకం లేకుండానే తిరిగి ఇచ్చేసింది. తర్వాత చీటీ కార్బన్ ప్రతిని మడిచి కవరులో పెట్టి, దాని మీద, ఆ కాగితం తలమీద చదివిన లండన్ లాయరు చిరునామా రాసింది.

“ఆ కూత తిరిగి వచ్చేదాకా ఈ రికార్డు బాగుందని నేను రాయను,” అంది.