పాలసొర

1968లో నేను తొమ్మిదో తరగతి. అమ్మ నెత్తిన గంప పెట్టుకుని కోటబొమ్మాళిలో ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేది. సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. మా లెక్కల మాస్టారి ఇల్లు వస్తే మాత్రం సిగ్గుతో అమ్మ వెనక దాక్కునేదాన్ని.

ఒక ఆదివారం మాస్టారే గుమ్మంలోకి వచ్చి గంపలోకి చూశారు. బాలింతలకు పాలు పడతాయని పెట్టే పాలసొర ఒక్కటే మిగిలింది.

"చుట్టాలొచ్చారు, అది ఇచ్చెయ్."

"అది సివరింటి బాలింతకండి బాబూ. పాలు పడక బిడ్డ ఏడస్తన్నాది. మీకు రేపు తెస్తాను," అంది అమ్మ.

"నేనడిగితే లేదంటావా?" మాస్టారి గొంతు పెరిగింది.

"ఇచ్చీయే అమ్మా, పరీచ్చలో తప్పించేస్తారు," అని గొణిగాను.

అమ్మ గంప నెత్తికెత్తుకుని, ఆయనకు వినబడేలాగే అంది.

"మేస్టారైతే ఏటే? పసిగుడ్డు ఆకలి కంటే పెద్దోరా?"

మాస్టారు నన్ను పరీక్షలో తప్పించలేదు.

అమ్మ వెనక దాక్కోవడం ఆ రోజుతో మానేశాను. మరుసటి ఆదివారం మాస్టారి గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినబడేలా "సేపలోయ్!" అని కేక వేసింది నేనే.