పాసవ్వొద్దన్న మాస్టారు

ఫార్మలిన్ వాసన తగిలితే ఎవరికైనా కళ్ళు మండుతాయి. నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా పాలిటెక్నిక్‌లో సర్టిఫికెట్ల పరిశీలనకు గదులు చాలక జువాలజీ ల్యాబులోనే బల్లలు వేశారు. చుట్టూ సీసాల్లో చేపలు, పాములు, మధ్యలో నేను. చింతలపూడి నుంచి కూతురిని వెంటబెట్టుకొచ్చిన ఒక రైతు, ఆ పిల్ల కాగితాలన్నీ సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. ఇంటర్ మెమోను మాత్రం ప్రత్యేకంగా అన్నిటికీ పైన ఉంచాడు. "మొదట ఒకటి తప్పిందండీ. మళ్ళీ కట్టి పాసైపోయిందండీ" అన్నాడు మురిసిపోతూ. చేపల పెంపకంలో మేమిచ్చే డిప్లొమాకు పదో తరగతి మార్కులే ఆధారం. ఇంటర్ తప్పినవాళ్ళు చేరవచ్చు, మధ్యలో మానేసినవాళ్ళు చేరవచ్చు. పాసైనవాళ్ళు మాత్రం చేరకూడదు. ఆ మాట చెబితే నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని ఆయన నవ్వాడు.

ఈ నిబంధన గురించి మొదటిసారి విన్నప్పుడు మా నాన్న నవ్వలేదు, ఎదురు ప్రశ్న వేశాడు. చెప్పింది దేవదానం మాస్టారు. కైకలూరులో నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఆయన జువాలజీ చెప్పేవారు. పేపర్లో ఏ కోర్సు ప్రకటన పడినా కత్తిరించి ల్యాబు బీరువా తలుపుకు అంటించేవారు. మా రికార్డు పుస్తకాలకు లేని జిగురు వాటికి మాత్రం ఎప్పుడూ ఉండేది. "పెద్దక్షరాలు అందరూ చదువుతారమ్మా. ర్యాంకులు రానివాళ్ళం మనం చిన్నక్షరాలు చదవాలి" అనేవారు. ఆయన కూతురు స్వరూప నా పక్క బెంచీలోనే కూర్చునేది. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, ఫిషరీస్ డిగ్రీ చదవాలని. మాది కొల్లేటి లంక, నాన్న చేపల చెరువులకు కాపలా ఉండేవాడు. ఒక వేసవి ఉదయం చెరువు చెరువంతా చేపలు తేలిపోతే జీపులో ఒక ఆఫీసరమ్మ వచ్చి, దోసెడు నీళ్ళు తీసుకుని వాసన చూసి, ఏం చెయ్యాలో చెప్పింది. ఊళ్ళో మగాళ్ళంతా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేనూ అలా అవ్వాలనుకున్నాను. తీరా చూస్తే ఎంట్రన్సులో ర్యాంకు ఎవరికీ చెప్పుకునేది కాదు, ఫిజిక్స్ ఏకంగా తప్పాను. స్వరూపదీ అదే కథ.

ఫలితాలు వచ్చిన వారానికి మాస్టారు చెరువు గట్ల మీద నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మడత పెట్టిన పేపరు ముక్క విప్పి నాన్న చేతికిచ్చారు. నాన్నకు చదవడం రాదని గుర్తొచ్చి మళ్ళీ తీసుకుని ఆయనే చదివారు. "సప్లిమెంటరీ కట్టించకండి. అత్తెసరు మార్కులతో పాసైనా ఆ ర్యాంకుకి డిగ్రీ సీటు రాదండీ. తప్పినట్టే ఉంటే ఈ డిప్లొమా వస్తుంది. పదిలో అమ్మాయికి మంచి మార్కులున్నాయి. డిప్లొమా చేసినవాళ్ళకి వేరే ఎంట్రన్సు ఉంటుంది, అందులోంచి డిగ్రీకి వెళ్ళిపోవచ్చు" అన్నారు.

"పిల్లని ఫెయిలుగానే ఉంచమంటారా అండీ?"

"ఉంచమంటానండీ."

నాన్న మెల్లిగా, "మీ అమ్మాయీ తప్పిందటగదండీ మాస్టారూ. ఆ అమ్మాయికీ ఇదే చెబుతారా అండీ?" అన్నాడు.

"చెబుతానండీ. ఇద్దరూ ఒకే హాస్టల్లో ఉంటారు. మీకేం బెంగ అక్కర్లేదు" అన్నారు మాస్టారు. ఆ మాట మీదే నాన్న ఒప్పుకున్నాడు.

ఆ వేసవంతా నేను తలెత్తుకోలేదు. తప్పినందుకు కాదు, మళ్ళీ రాయనన్నందుకు. "తప్పితే తప్పావు, మళ్ళీ రాయడానికి ఏం మాయరోగమే?" అని పిన్ని పదిమందిలో కడిగేసింది. మా నాయనమ్మ అయితే నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చేది. స్వరూప కూడా నాలాగే ఉంటుంది కదా అని మనసుకు చెప్పుకునేదాన్ని. ఫిజిక్స్ పరీక్ష రోజున చేపల మేత కోసం నాన్న కైకలూరు వెళుతుంటే నేనూ వెళ్ళాను. పరీక్ష జరిగే బడి గేటు దగ్గర మాస్టారు కనిపించారు. ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో హాల్‌టికెట్టు. పక్కన స్వరూప, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. మాస్టారు నన్ను చూశారు. పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

ఫీజు గడువు ఎప్పుడో దాటిపోయింది, ఇక రాద్దామన్నా వీల్లేదు. తన కూతురికి పోటీ లేకుండా నన్ను తప్పించాడా ఈ మనిషి? ఆ చిన్నక్షరాలన్నీ అబద్ధాలేనా? పడవలో లంకకు తిరిగొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. సంగతి విని మా నాయనమ్మ, "శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందే మీ మాస్టారి యవ్వారం" అంది. నాన్న మాత్రం మేత బస్తా భుజానికెత్తుకుని చెరువు మీదికి వెళ్ళిపోయాడు. ఆయన తిట్టినా బాగుండేది.

స్వరూప పాసైంది. వాళ్ళ చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టి కేకు కోశారు. మా ఇంటికీ ఒక ముక్క పంపారు. నేను దాన్ని కాగితంతో సహా తీసుకెళ్ళి చెరువులో విసిరేశాను. నెల తిరిగేసరికి నాకు డిప్లొమా సీటు వచ్చింది. పేపరు ముక్కలో ఉన్నదంతా అక్షరాలా నిజమే. కౌన్సెలింగుకు నా వెంట వచ్చింది కూడా మాస్టారే. "ఇంటర్ పాసయ్యావా?" అని లోపల అడిగితే "లేదండీ" అని గట్టిగా చెప్పాను. కిటికీ అవతల ఆయనకు వినపడాలనే అంత గట్టిగా చెప్పాను.

డిప్లొమా, ఆ తర్వాత వేరే ఎంట్రన్సు, డిగ్రీ, ఉద్యోగం అన్నీ ఆయన చెప్పిన వరసలోనే జరిగాయి. స్వరూప మళ్ళీ రెండుసార్లు ఎంట్రన్సు రాసినా ర్యాంకు రాలేదు. ఏదో మామూలు డిగ్రీ చదివి, చేపల మేత అమ్మే కొట్లో చేరింది. ఉద్యోగం వచ్చిన చాన్నాళ్ళకు మాస్టారింటికి వెళ్ళాను. ఎందుకలా చేశారని నేను అడగలేదు, ఆయనే చెప్పారు. "మీ ఇంట్లో చెప్పినంత తేలిగ్గా మా ఇంట్లో చెప్పలేకపోయానమ్మా. మాస్టారి కూతురు తప్పింది, పైగా రాయట్లేదట అంటే ఆదివారం చర్చిలో ఎవరి మొహం చూడను? నువ్వు తప్పితే నాకు సిగ్గు కాదు కదా."

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సీటు వచ్చినప్పటినుంచీ ఆయన నామీద ప్రేమతో చెప్పారనుకున్నాను. మా నాన్న పరువుతో ఆయనకు పనేముంది, అందుకే నిజం అంత ధైర్యంగా చెప్పగలిగారు! కానీ చెప్పింది నిజం. ఆ నిజం తింటూనే నేను బతుకుతున్నాను. ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర పాస్టరుగారు, ఎందరి పిల్లలకో దారి చూపిన మనిషి అని పొగిడారు. పక్కన నిలబడ్డ స్వరూప నా చెవిలో, "మీకందరికీ మాస్టారు. నాకు నాన్న. అదే నా ఖర్మ" అంది.

చింతలపూడి రైతుకు నిబంధన చదివి వినిపించాక నవ్వు ఆగిపోయింది. "ముందే ఎవరైనా చెప్పుంటే కట్టించేవాళ్ళం కాదు కదండీ" అన్నాడు. ఆ పిల్ల నావంక చూడకుండా మెమో మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పేవాళ్ళు ఉండాలి కదండీ అన్నాను. ఆ మాట అని సిగ్గుపడ్డాను.

మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్‌లో కెమిస్ట్రీ తప్పాడు. చిన్నప్పటినుంచీ నా వెంట చెరువుల మీద తిరిగినవాడు, ఈ చదువే కావాలన్నాడు. ర్యాంకు నా ర్యాంకు లాంటిదే. ఏం చెయ్యాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. ఆఫీసులో ఒక్కొక్కరూ వచ్చి "మేడమ్ గారూ, బాబుకి ఎలా వచ్చాయండీ?" అని అడుగుతుంటే, సప్లిమెంటరీ ఫీజు గడువుకు ఇంకా రెండు రోజులుండగానే నేనే వెళ్ళి కట్టేశాను. పాసయ్యాడు. తాడేపల్లిగూడెంలో మంచి కొట్టు చూసి కేకు కొని, ఆఫీసుదాకా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, ముక్కలు కోసి అందరికీ పంచాను. అప్పుడు చెరువులో విసిరేసిన చేత్తోనే.